రాత్రి పీక్‌లో 5 జీబీపీఎస్: రౌటర్ కొనాలా, సర్వర్ మీద లైనక్స్ పెట్టాలా?

మాచర్ల_ఫైబర్:

అందరికీ నమస్కారం. మాది మాచర్ల. నాన్నగారి రోజుల్లో కేబుల్ టీవీ, ఇప్పుడు సీ కేటగిరీ (చిన్న పరిధి ఐఎస్‌పీ) లైసెన్స్ మీద ఇంటర్నెట్. మాచర్ల టౌను, దుర్గి, రెంటచింతల, కారెంపూడి వైపు కలిపి 2,800 కనెక్షన్లు, అన్నీ పీపీపీఓఈ (కస్టమర్ మోడెమ్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో డయల్ చేసే పద్ధతి). రాత్రి తొమ్మిదింటికి సుమారు 1,900 మంది లాగిన్‌లో ఉంటారు, ట్రాఫిక్ 5 జీబీపీఎస్ దాకా వెళ్తుంది. అప్‌స్ట్రీమ్‌లు (మాకు బ్యాండ్‌విడ్త్ ఇచ్చే పెద్ద కంపెనీలు) రెండు. ఒకటి గుంటూరు నుంచి, రెండోది హైదరాబాద్ నుంచి సాగర్ రోడ్డు వెంట. సొంత ఏఎస్ నంబర్ (ఇంటర్నెట్‌లో మా నెట్‌వర్క్ గుర్తింపు) ఉంది, దేశంలో ఐపీలు కేటాయించే ఇరిన్ ఇచ్చిన /23, అంటే 512 ఐపీలు ఉన్నాయి.

ఇప్పుడు పనంతా 36 కోర్ల రౌటర్ ఒక్కటే చేస్తోంది. బీజీపీ (అప్‌స్ట్రీమ్‌లతో రూట్లు మార్చుకోవడం), పీపీపీఓఈ, స్పీడ్ క్యూలు, నాట్ (కొద్ది పబ్లిక్ ఐపీలను చాలామందికి పంచడం), అన్నీ దాని మీదే. ఎనిమిదిన్నర దాటితే సీపీయూ 95 శాతం, కస్టమర్ల ఫోన్లు మొదలు. కరెంటు పోయి వస్తే అందరి మోడెమ్‌లూ ఒక్కసారిగా డయల్ చేస్తాయి, మళ్లీ అన్నీ సర్దుకునేసరికి అర్ధగంట.

డీలర్ సెకండ్‌హ్యాండ్ జూనిపర్ ఎంఎక్స్204 రౌటర్ తీసుకోమంటున్నారు. మా దగ్గర సిస్టమ్స్ చూసే అబ్బాయి మాత్రం ఆ డబ్బులో మూడో వంతుకే రెండు సర్వర్లు కొని లైనక్స్ మీద నడపొచ్చంటున్నాడు. అబ్బాయి చురుకైనవాడే. కానీ 2,800 ఇళ్ల నెట్‌ని ఒక పీసీ మీద పెట్టాలంటే ధైర్యం చాలట్లేదు. నడిపినవాళ్లు చెప్పండి.

---

ఖమ్మం_నాక్:

మాచర్ల గారూ, రౌటర్ కొనండి. ఆలోచించకండి.

ఎంఎక్స్ లాంటి రౌటర్‌లో ప్యాకెట్‌ను పంపే పని చిప్‌ది, ట్రాఫిక్ ఎంత పెరిగినా సీపీయూకి సంబంధం ఉండదు. పీసీలో ప్రతి ప్యాకెట్టూ సీపీయూ దాకా వెళ్లి రావాలి. మా పక్క టౌనులో ఒకాయన సర్వర్ పెట్టారు. కెర్నెల్ (లైనక్స్ గుండెకాయ) అప్‌డేట్ చేసి రీబూట్ కొడితే నెట్‌వర్క్ కార్డు డ్రైవర్ లోడ్ కాలేదు. తెల్లవారేదాకా ఊరంతా నెట్ లేదు. ఇంకోసారి డిస్క్ పోయింది. మదర్‌బోర్డు ఒకరిది, కార్డు ఒకరిది, సాఫ్ట్‌వేర్ ఇంకొకరిది. తేడా వస్తే ఎవరిని అడుగుతారు? రౌటర్‌కైతే ఒక్క కంపెనీకి టికెట్ వేస్తే సరిపోతుంది.

అబ్బాయి రేపు వేరే ఉద్యోగం చూసుకుంటే ఆ కాన్ఫిగ్ ఎవరికి అర్థమవుతుంది, అది కూడా చూసుకోండి.

---

గోదావరి_లింక్:

ఖమ్మం గారు చెప్పిన చివరి మాట చాలా విలువైనది, దాని దగ్గరికి మళ్లీ వస్తాను. నేను రాజమండ్రి పక్కన ఐఎస్‌పీ నడుపుతాను. మా దగ్గర రెండు రకాలూ ఉన్నాయి, కాబట్టి ఏ పక్షమూ పట్టకుండా చెప్పగలను.

మీ రౌటర్ మీద నాలుగు పనులున్నాయి. వాటిలో బీజీపీ, ఫార్వర్డింగ్ ఒక జాతి. ప్యాకెట్ వచ్చింది, ఎక్కడికెళ్లాలో టేబుల్‌లో చూశారు, పంపేశారు, మర్చిపోయారు. ఏసిక్ చిప్పులు (ఒక్క పని కోసమే తయారైన చిప్పులు) పుట్టిందే ఈ పనికి, ఇందులో వాటిని పీసీ అందుకోలేదు. పీపీపీఓఈ, స్పీడ్ లిమిట్, నాట్ వేరే జాతి. ఇక్కడ ఒక్కో కస్టమర్‌ని, ఒక్కో కనెక్షన్‌ని గుర్తు పెట్టుకోవాలి. మెమొరీ కావాలి, లెక్కలు కావాలి. పీసీకి ఇది సహజమైన పని. పెద్ద రౌటర్లూ చేస్తాయి, కానీ విడిగా డబ్బు కట్టించుకుని చేస్తాయి.

ఎంఎక్స్204నే తీసుకోండి. ఒక్క యూనిట్ ఎత్తులో నాలుగు 100 జీ పోర్టులు, ఎనిమిది 10 జీ పోర్టులు. ఫార్వర్డింగ్‌కి బంగారం లాంటి బాక్స్. అయితే పీపీపీఓఈ సబ్‌స్క్రైబర్లను దాని మీద దించాలంటే లైసెన్స్ వేరు. ఇంకా ముఖ్యమైనది, అందులో నాట్ లాంటి పనులు చేసే సర్వీస్ కార్డు పెట్టే స్లాట్ లేదు. 512 ఐపీలతో 2,800 మందిని నడిపే మీకు నాట్ తప్పదు. అంటే అంత డబ్బు పోసి ఎంఎక్స్ కొన్నాక కూడా నాట్ కోసం మళ్లీ ఒక సర్వరో, ఇంకో బాక్సో పక్కన పెట్టాల్సిందే. డీలర్ ఈ ముక్క చెప్పారా? సెకండ్‌హ్యాండ్ బాక్స్‌కి లైసెన్స్ మీ పేరున బదిలీ అవుతుందా, సపోర్ట్ కాంట్రాక్టు ఇస్తారా అనేది కూడా రాతపూర్వకంగా అడగండి. కాంట్రాక్టు లేని రౌటర్‌కి టికెట్ వేసే దారి ఉండదు, ఖమ్మం గారు చెప్పిన లాభం అక్కడే పోతుంది.

ఇక జీబీపీఎస్ లెక్క పక్కన పెట్టి ప్యాకెట్ల లెక్క చూడండి. సగటు ప్యాకెట్ 800 బైట్లు అనుకుంటే 5 జీబీపీఎస్ అంటే సెకనుకు 7.8 లక్షల ప్యాకెట్లు. కస్టమర్ల నుంచి పైకి వెళ్లేవి ఇంకో మూడు, నాలుగు లక్షలు వేసుకోండి. మామూలు లైనక్స్ కెర్నెల్ దారిలో ఒక్కో కోర్ ఉత్త ఫార్వర్డింగ్‌కి 10 లక్షల దాకా లాగుతుందని మేం లెక్క పట్టుకుంటాం. క్యూలు, నాట్ కలిస్తే అందులో సగం, ఇంకా తక్కువ. ఎనిమిది, పది మంచి కోర్లున్న సర్వర్‌కి మీ లోడు బరువే కాదు.

మరి భయపడాల్సింది ఎప్పుడు? చిన్న ప్యాకెట్లు వచ్చినప్పుడు. 64 బైట్ల ప్యాకెట్లయితే ఒక్క 1 జీబీపీఎస్‌లోనే సెకనుకు 14.88 లక్షలు పడతాయి. మీ రాత్రి పీక్ మొత్తం కంటే అవి ఎక్కువ! అదే 10 జీ పోర్టు నిండా వస్తే 1.488 కోట్లు. ఒక్కో ప్యాకెట్‌కి 67 నానోసెకన్లు, అంటే 3 గిగాహెర్ట్జ్ కోర్‌కి 200 సైకిళ్లు. అంత టైములో కెర్నెల్ ఆ ప్యాకెట్‌ని తెరిచి కూడా చూడలేదు. ఎవరో గేమింగ్ కుర్రాడి మీద కక్షతో అటాక్ కొట్టిస్తే ఏసిక్ రౌటర్ తట్టుకుంటుంది, పీసీ కూర్చుంటుంది. ఈ ఒక్క చోట ఖమ్మం గారిది పూర్తిగా రైటు. దీనికి మందు బ్లాక్‌హోల్ కమ్యూనిటీ, అంటే బీజీపీలో అప్‌స్ట్రీమ్‌కి పంపే ఒక గుర్తు. ఆ ఒక్క ఐపీని అప్‌స్ట్రీమ్ దగ్గరే ఆపించేయాలి. మీ లింకు 10 జీ అయినప్పుడు 40 జీ అటాక్ వస్తే ఎంత గొప్ప రౌటరైనా చేయగలిగింది లేదు, పైపే నిండిపోతుంది. అందుకే బ్లాక్‌హోల్ ఇస్తారా లేదా అని రెండు అప్‌స్ట్రీమ్‌లనీ ఇవాళే కనుక్కోండి.

ఇప్పుడు అసలు కీలకం. లైనక్స్ పెట్టిన చాలామంది దీని దగ్గరే ఆగిపోయి "పీసీ పనికిరాదు" అని తేల్చేస్తారు. మేం ఇంటెల్ ఎక్స్520 నెట్‌వర్క్ కార్డుతో మొదలుపెట్టాం. సాయంత్రం సీపీయూ వాడకం చూపే టాప్ కమాండ్ కొడితే మొత్తం సీపీయూ 20 శాతం కూడా లేదు, అయినా స్పీడ్ టెస్ట్ పడిపోతోంది. ఎంపీస్టాట్‌తో కోర్ల వారీగా చూస్తే సంగతి తెలిసింది. ఒక్క కోర్ 100 శాతం, మిగతావన్నీ ఖాళీ. ఈథ్‌టూల్‌తో కార్డు కౌంటర్లు తెరిస్తే కస్టమర్ల వైపు పోర్టులో ప్యాకెట్లన్నీ క్యూ 0లోనే పడుతున్నాయి.

కారణం ఇది. కార్డు వచ్చిన ప్యాకెట్లను ఐపీ అడ్రసులు, పోర్టుల ఆధారంగా వేర్వేరు క్యూలకు, తద్వారా వేర్వేరు కోర్లకు పంచుతుంది. ఇంటర్నెట్ వైపు నుంచి వచ్చేది మామూలు ఐపీ, కాబట్టి చక్కగా పంచుతుంది. కస్టమర్ వైపు నుంచి వచ్చేదాని మీద పీపీపీఓఈ హెడర్ ఉంటుంది. ఆ కార్డు దాని లోపలున్న ఐపీని చూడలేదు. చూడలేనివన్నీ క్యూ 0లోకి తోసేస్తుంది. దాంతో పైకి వెళ్లే అక్‌నాలెడ్జ్‌మెంట్లు ('డేటా అందింది' అని చెప్పే చిన్న ప్యాకెట్లు) ఆ ఒక్క కోర్ దగ్గర డ్రాప్ అవుతాయి. అవి పోతే డౌన్‌లోడ్ నెమ్మదిస్తుంది. డౌన్‌లోడ్ దారి ఖాళీగానే ఉంటుంది, కస్టమర్ మాత్రం డౌన్‌లోడ్ రావట్లేదంటాడు. లైనక్స్‌లో ఆర్‌పీఎస్ అని ఒకటుంది, ఆ క్యూ 0లోని ప్యాకెట్లను సాఫ్ట్‌వేర్‌లో విప్పి మిగతా కోర్లకు పంచుతుంది. అది ఆన్ చేశాక అదే సర్వర్, అదే కార్డు, అదే రాత్రి పీక్, కోర్లన్నీ సమానంగా 15, 20 శాతంలో నడిచాయి. పీపీపీఓఈ లోపలికి చూడగలిగే కార్డులు ఇప్పుడు కొన్ని వచ్చాయి. కొనేముందు ఆ ఒక్క ప్రశ్న అడగండి.

రెండు సాకెట్ల సర్వర్ వద్దు, ఒక్క ప్రాసెసర్‌ది తీసుకోండి. కార్డు ఒక సాకెట్‌కి తగిలి ఉండి, పని రెండో సాకెట్ మీద జరిగితే ప్యాకెట్ అటూ ఇటూ తిరగడానికే టైమ్ పోతుంది. కోర్ల సంఖ్య కంటే క్లాక్ స్పీడ్ చూడండి. బయోస్‌లో పవర్ సేవింగ్ ఆపేయండి.

పీపీపీఓఈ లాగిన్లు చూసే సాఫ్ట్‌వేర్‌కి యాక్సెల్-పీపీపీ. మేం దాన్నే నడుపుతున్నాం, అది మా ప్రాణం నిలబెట్టింది. కరెంటు వచ్చాక ఒకేసారి డయల్ చేసేవాళ్ల సమస్య అన్నారు కదా, ఒకేసారి ఎంతమందిని లోపలికి తీసుకోవాలో అందులో లిమిట్ పెట్టొచ్చు. పాస్‌వర్డ్‌లు చూసే రేడియస్ సర్వర్ మీద ఒత్తిడి పడదు, వంద వంద చొప్పున వచ్చేస్తారు. ఇంకా ఇష్టమైనది ప్యాడో-డిలే, అంటే మోడెమ్ పిలుపుకి ఆలస్యంగా పలకడం. రెండు సర్వర్లనూ ఒకే వీలాన్‌లో (స్విచ్‌లో విడిగా గీసిన నెట్‌వర్క్‌లో) పెట్టండి. మోడెమ్ ముందు ఎవరు పలికితే వాళ్లకే కనెక్ట్ అవుతుంది. 500 మంది చేరాక 100 మిల్లీసెకన్లు ఆగి పలుకు, 1,000 దాటాక 200 ఆగు అని రెండింటికీ చెప్పండి. జనం వాటంతటవే చెరి సగం పడతారు. ఒకటి చచ్చిపోతే మోడెమ్‌లు ఒకటి రెండు నిమిషాల్లో రెండోదానికి డయల్ చేస్తాయి. మీరు నిద్ర లేవక్కర్లేదు. నా దృష్టిలో ఒక్క ఖరీదైన బాక్స్ కంటే రెండు మామూలు బాక్సులు ఎప్పుడూ మేలు, కారణం ఇదే.

ఉన్న 36 కోర్ల రౌటర్‌ని పారేయకండి. క్యూలు, నాట్, పీపీపీఓఈ తీసేసి బీజీపీ ఒక్కటే ఉంచండి, 5 జీబీపీఎస్ హాయిగా తోస్తుంది. ఫుల్ టేబుల్ (ఇంటర్నెట్‌లోని అన్ని రూట్లూ) కూడా మీకు అక్కర్లేదు. ఐపీవీ4 రూట్లు 9 లక్షలు దాటాయి, రెండు అప్‌స్ట్రీమ్‌లున్న మీరు అవన్నీ మోసి ఏం చేస్తారు? ఇద్దరి దగ్గరా డిఫాల్ట్ రూట్, వాళ్ల సొంత రూట్లు తీసుకుంటే చాలు.

రౌటర్ కొంటే ఇక జీవితాంతం అనుకునేవాళ్లు 2014 ఆగస్టు 12 గుర్తు చేసుకోవాలి. ఆ రోజు గ్లోబల్ టేబుల్ 512కే, అంటే సుమారు 5.12 లక్షల రూట్లు దాటింది. పాత పెద్ద రౌటర్లలో టీక్యామ్ (రూట్లు దాచే చిప్) మెమొరీ హద్దు అంతవరకే. ప్రపంచంలో చాలాచోట్ల నెట్ కుంటింది. చిప్‌లో ఎంత చోటు రాసి ఉంటే అంతే. సర్వర్‌కైతే ర్యామ్ వేస్తాం.

ఇక ఖమ్మం గారి చివరి మాట. కాన్ఫిగ్ అబ్బాయి బుర్రలో ఉండకూడదు. పేపర్ మీద, గిట్‌లో (మార్పులన్నీ దాచే సాఫ్ట్‌వేర్‌లో) ఉండాలి. ఇంకొక మనిషి ఆ కాగితం చూసి ఖాళీ సర్వర్‌ని మొదటి నుంచి నిలబెట్టగలగాలి, అది మీ కళ్ల ముందు చేయించి చూసుకోండి. లైవ్ సర్వర్ మీద అప్‌డేట్ నేరుగా కొట్టకూడదు. ఓఎస్‌కి రెండు ఎస్‌ఎస్‌డీలు మిర్రర్‌లో, రెండు పవర్ సప్లైలు, ఈసీసీ (తప్పులు సరిదిద్దే) ర్యామ్, రిమోట్ కన్సోల్ ఉన్న సర్వరే కొనండి. షాపులో అసెంబుల్ చేసిన డెస్క్‌టాప్ మీద ఊరి నెట్ పెట్టకండి. అదే మోడల్‌ది మూడో సర్వర్ స్పేర్‌గా అల్మారాలో ఉండాలి. సర్వర్‌కి ఫ్యాన్ పోయినా, పవర్ సప్లై పోయినా సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో వెతికితే దొరుకుతుంది, రాత్రి బస్సుకి వేయిస్తే పొద్దున్నకి మీ చేతిలో ఉంటుంది.

---

అమీర్‌పేట్_ప్యాకెట్:

గోదావరి గారికి ఒక చేర్పు. కెర్నెల్ దారి చాలకపోతే డీపీడీకే మీద నడిచే వీపీపీ ఉంది. కార్డుని కెర్నెల్ నుంచి తప్పించి నేరుగా ప్రోగ్రామే చూసుకుంటుంది, ప్యాకెట్లను గుంపులుగా తీసుకుంటుంది. ఒక్కో కోర్‌కి కెర్నెల్ కంటే ఎన్నో రెట్లు లాగుతుంది. కానీ మీ లోడుకి ఇప్పుడు అవసరం లేదు, నేర్చుకోవడమూ తేలిక కాదు.

అబ్బాయికి మైక్రోటిక్ అలవాటైతే సీహెచ్‌ఆర్ (మైక్రోటిక్ రౌటర్ సాఫ్ట్‌వేర్) కూడా సర్వర్ మీద పెట్టొచ్చు. పీ10 లైసెన్స్ ఒక్కో ఇంటర్‌ఫేస్‌కి 10 జీబీపీఎస్ దాకా ఇస్తుంది. విన్‌బాక్స్ (సెట్టింగుల స్క్రీన్) అదే, కమాండ్లు అవే.

---

మాచర్ల_ఫైబర్:

గోదావరి గారూ, ఇంత ఓపిగ్గా రాసినందుకు చాలా కృతజ్ఞతలు అండి. ఎంఎక్స్‌కి నాట్ కార్డు స్లాట్ లేదన్న సంగతి డీలర్ మాకు చెప్పలేదు. ఈ రోజు అడిగితే "దానికి వేరే బాక్స్ ఇస్తాం సార్" అన్నారు.

రెండు సందేహాలు. నాట్ లాగులు లైనక్స్‌లో ఎలా? ఎస్పీ ఆఫీసు నుంచి లెటర్ వస్తే ఐపీ, పోర్టు, టైమ్ చూసి కస్టమర్ పేరు చెప్పాలి కదా. రెండోది ఎండ. మా రెంటచింతల పేరు మే నెలలో ప్రతి పేపర్‌లో వస్తుంది. సర్వర్లు తట్టుకుంటాయా?

---

గోదావరి_లింక్:

లాగుల సంగతి ముందు. 2021 డిసెంబరులో డాట్ (టెలికాం శాఖ) ఈ రికార్డులు ఉంచాల్సిన గడువుని ఏడాది నుంచి రెండేళ్లకు పెంచింది. ఒక్కో కనెక్షన్‌కి ఒక్కో లైను రాస్తే రెండేళ్లకు డిస్కులే డిస్కులు. అందుకని పోర్టులను ముందే పంచేయండి. మీకున్న /23ని రెండు /24లుగా చేసి సర్వర్‌కి ఒకటి ఇవ్వండి. ఒక్కో పబ్లిక్ ఐపీ మీద 8 మంది. మొదటి 1,024 పోర్టులు వదిలేస్తే 64,512 ఉంటాయి, తలా 8,064. ఏ ఇంటికైనా ధారాళంగా సరిపోతాయి. ఒక సర్వర్ పడిపోయి 1,900 మందీ రెండోదాని మీదకు వచ్చినా 238 ఐపీలు చాలు, ఒక్క /24లోనే ఇముడుతుంది. లోపలి ఐపీలకు 100.64 రేంజి వాడండి, సీజీ నాట్ (ఐఎస్‌పీలు చేసే నాట్) కోసమే కేటాయించినది అది. ఏ లోపలి ఐపీకి ఏ పోర్టులు అన్నది స్థిరంగా ఉంటుంది కాబట్టి, ఎవరు ఎప్పుడు లాగిన్ అయ్యారన్న రేడియస్ రికార్డు పక్కన పెట్టుకుంటే లెటర్‌కి జవాబు నిమిషంలో దొరుకుతుంది. అయితే వెళ్లిన సైటు ఐపీ కూడా లాగులో ఉండాలా అన్నది మీ లైసెన్స్ షరతుల్లో చదివి, అది కావాలంటే నెట్‌ఫ్లో (ఏ ఐపీ ఎక్కడికి వెళ్లిందో రాసే రికార్డు) ఎగుమతి కూడా పెట్టుకోండి. ఊహ మీద వదిలేసే విషయం కాదిది.

దీంతో పాటు ఐపీవీ6 (నాట్ అక్కర్లేని కొత్త తరం అడ్రసులు) ఇచ్చేయండి. యూట్యూబ్, ఫేస్‌బుక్, గూగుల్ అన్నీ దాని మీద నడుస్తాయి, ఆ ట్రాఫిక్ నాట్ గడప తొక్కదు. మా దగ్గర నాట్ లోడు సగానికి తగ్గింది దీంతోనే. యాక్సెల్-పీపీపీ ప్రిఫిక్స్ డెలిగేషన్ (ఇంటికో ఐపీవీ6 అడ్రసుల బ్లాక్ ఇవ్వడం) చేస్తుంది. ఇళ్లలో పెట్టే ఓఎన్‌టీల్లో (ఫైబర్ మోడెమ్‌లలో) ఆప్షన్ ఆన్ చేయించడమే అసలు కష్టం, కొత్త కనెక్షన్ల నుంచి మొదలుపెట్టండి.

ఎండకి సర్వర్లు జాగ్రత్త అడుగుతాయి. లోపలికి పోయే గాలి 35 డిగ్రీలు దాటకూడదని చాలా మోడళ్లకు రాసి ఉంటుంది. రెంటచింతల ఓఎల్‌టీ (ఫైబర్ లైన్లన్నీ కలిసే బాక్స్) గదిలో పెట్టే ఆలోచన వద్దు, మాచర్ల ఆఫీసులో ఏసీ గదిలోనే ఉండాలి. కరెంటు పోతే యూపీఎస్ సర్వర్‌ని మోస్తుంది గానీ ఏసీని మోయదు, వేసవి మధ్యాహ్నం ఆ చిన్న గది పావుగంటలో పొయ్యి అవుతుంది. జనరేటర్ మీద ఏసీకి కూడా లైను వేయించండి. ఇది రౌటర్ కొన్నా చేయాల్సిన పనే.

ఏసిక్ రౌటర్ ఎప్పుడు కొనాలో కూడా చెప్తాను. పక్క టౌను ఆపరేటర్లు మీ దగ్గర బ్యాండ్‌విడ్త్ తీసుకోవడం మొదలుపెట్టిన రోజు, 100 జీ పోర్టులు అవసరమైన రోజు, మొత్తం 30, 40 జీబీపీఎస్ దాటిన రోజు, ఆ 36 కోర్ల దాన్ని దించి బోర్డర్‌లో ఎంఎక్స్ లాంటిది పెట్టండి. అప్పుడు దాని ప్రతి రూపాయీ సార్థకం. మేం అలాగే చేశాం. వెనక పీపీపీఓఈ, నాట్ ఇప్పటికీ సర్వర్ల మీదే.

మార్చేటప్పుడు అన్నీ ఒక్క రాత్రి మార్చకండి. రెండు అప్‌స్ట్రీమ్‌లనూ స్విచ్ మీదకు వీలాన్లుగా తెచ్చుకుని, ముందు దుర్గి ఓఎల్‌టీ వీలాన్ ఒక్కటే కొత్త సర్వర్‌కి తిప్పండి. పాత రౌటర్‌లో ఆ వీలాన్ మీద పీపీపీఓఈ సర్వర్‌ని డిసేబుల్ చేయండి, డిలీట్ చేయకండి. తేడా వస్తే మళ్లీ ఎనేబుల్ చేస్తే చాలు. వారం రోజులు రాత్రి తొమ్మిదింటికి కోర్ల వారీగా సీపీయూ, క్యూ 0 కౌంటర్, డ్రాపులు చూస్తూ ఉండండి. మ్యాచ్ ఉన్న రోజు ఒకటి అందులో పడేలా చూసుకోండి, ఆ రోజు నిలబడితే కారెంపూడి తిప్పండి. మాచర్ల టౌను చివర్న.

సర్వర్ మోడల్ ఖరారయ్యాక కార్డు పేరుతో సహా ఇక్కడ పెట్టండి, ఆర్‌పీఎస్ సెట్టింగు మా దాంట్లోంచి తీసి ఇస్తాను.